అర్ధగంట మేనమామ

1983 మే నెల, గురువారం పొద్దున. బత్తలపల్లె బస్టాండు ఎదురుగా శేషయ్య కిరాణా అంగడి.

"ఏం గావల్లక్కా?"

"తొడ."

"ఏందీ?"

"తొడ, శేషయ్యా. నీ తొడ. అర్ధగంట చాలన్నాడు హనుమంతప్ప. కుడిదో ఎడమదో నేను అడగలేదు."

"మెల్లగా అన్నెక్కా, మెల్లగా! బస్సుకాడ జనం ఇట్లే చూస్తాండారు. నాలుగేండ్లాయె నువ్వు హాలండు నుంచి వచ్చి, ఇంగా తెలుగు కుదరలేదు నీకు. తోడు అయ్యుంటాది. పెరుగు తోడు. అదైతే లోపల రత్న ఇస్తాది."

"నాకు తెలుగు బాగా వచ్చు. తొడ అంటే ఇది. మనిషి కింద కూర్చుంటే దీనిమీద బిడ్డ కూర్చుంటాది. పొద్దున మా పాపను తీసుకోని మంగలి హనుమంతప్ప కాడికి పోయినా. పుట్టెంట్రుకలు తియ్యప్పా అన్నా. కత్తి నూరినాడు, గిన్నెలో నీళ్ళు పెట్టుకున్నాడు, అంతా చేసి 'మేనమామ యాడమ్మా?' అన్నాడు. లేడు అన్నా. కత్తి మడిచి సంచిలో పెట్టుకున్నాడు."

"మరి? మేనమామ తొడ లేకుండా ఎట్ల తీస్తాడు? నీకు అన్నదమ్ములు లేరా?"

"ఒకడు ఉండాడు. ఓడలో వంటవాడు. ఇప్పుడు ఏ సముద్రంలో ఉండాడో వాని పెండ్లానికే తెలీదు. వాని తొడ ఈడికి వచ్చేలోపల పాపకు పెండ్లి అయిపోతాది."

"అట్లయితే నిదానంగా చేద్దువు లేక్కా. తొందరేముండాది?"

"తొందరే. ఆదివారం గుంతకల్లులో బొంబాయి రైలు ఎక్కుతాం. పాపను తీసుకోని పోయేకి జడ్జి కాగితం ఇచ్చినాడు, పాసుపోర్టు వచ్చింది, మా ఆయన పీటర్ పెట్టెలకు తాళ్ళు కూడా కట్టేసినాడు. మిగిలింది ఇదొక్కటే."

"ఆదివారమా?"

"చెప్పినా కదా, పోయిన నెల."

"పోతామని చెప్పినావు. ఆదివారమని చెప్పలేదు."

"ఏదో ఒక వారం పోవల్ల కదా, శేషయ్యా."

"పోవల్లలే... ఏమే నర్సమ్మా! ఆ తూకంరాళ్ళు తీయాకు, కాలిమీద పడతాది. ఇట్ల రా. ఇద్దో, బెల్లం. ఈ పక్క కూర్చోని తిను, చీమలు లేని పక్క."

"యశోద. దాని పేరు యశోద. అనాథాశ్రమంలో పెట్టిన పేరు, జడ్జి కూడా అదే రాసినాడు. ఊరంతా యశోద అంటాది. నువ్వొక్కడివే నర్సమ్మ అంటావు. అదేమో దానికే పలుకుతాది!"

"నోటికి అట్ల వస్తాదక్కా. ఈ పక్క ఇంటికొక నర్సమ్మ."

"సరే, తొడ సంగతి చెప్పు. శనివారం కదిరికి పోదాం. జీపు ఉండాది."

"చూడక్కా, తొడ ఇచ్చేకి నాకేం అడ్డం లేదు. కానీ అంగట్లో పని. విత్తనం చెనిక్కాయల కాలం, ఊపిరి ఆడదు."

"విత్తనమా? వాన యాడ పడింది? ఈ యేడు పీటర్ ఏడు బోర్లు ఏసినాడు, ఐదింట్లో దుమ్ము వచ్చింది. పొద్దుటి నుంచి నీ అంగడికి నేనొక్కదాన్నే వచ్చినా. ఒక మేక కూడా వచ్చింది. అది ఏమీ కొనలేదు."

"మోకాలు నొప్పి అక్కా. కిందకు కూర్చుంటే లేసేకి కాదు."

"నిన్న బెల్లం మూట ఎత్తి లోపల ఏసినావు. నేను చూసినా. పాప పదైదు కేజీలు. నర్సును నేను, తూకం పెట్టినా."

"బరువు గాదు, మడిచేది కష్టం."

"కుర్చీ ఏస్తా."

"దేవుని కాడ కుర్చీ ఏసుకోని కూర్చుంటారా యాడన్నా?"

"లేయ్ శేషయ్యా!"

"లేయ్ అనాకుక్కా. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు? ఒరేయ్ అన్నట్లు అది, ఆడోళ్ళు అనే మాట గాదు."

"బోరుబండి వాళ్ళ కాడ నేర్చుకుంటి, ఏం చెయ్యల్ల? వాళ్ళు పైపును కూడా లేయ్ అంటారు. చెప్పు, ఎందుకు రావు?"

"అసలు సంగతి చెప్తా విను. ఇంట్లోవాళ్ళు కడుపుతో ఉండేటప్పుడు మొగోడు కత్తెర పట్టగూడదు. శాస్త్రం."

"అయ్యో! రత్నమ్మకు కడుపా?"

"ఎవురికి? ఎవురికి కడుపు?"

"రత్నమ్మా, రా రా. మీ ఆయన చెప్తాండాడు, నువ్వు..."

"వింటి అన్నెక్కా. లోపల బియ్యం ఏరుకుంటా అంతా వింటి. ఏమయ్యా, నీకేమన్నా సిగ్గుండాదా? మన ప్రమీల పదోక్లాసు పరీక్ష రాసి ఇంట్లో కూర్చోనుండాది, నాకు కడుపా? బజారు నడుమ చెప్తివే! సాయంత్రానికి నలుగురు చింతకాయలు పట్టుకోని వస్తారు. వాళ్ళకు ఏం చెప్పల్ల నేను?"

"నేను శాస్త్రం చెప్పినా రత్నా. నీకని చెప్పలేదు."

"మరి ఇంగెవరికి? ఇంట్లోవాళ్ళు అంటే ఈ ఇంట్లో ఇంగెవరుండారు?"

"రత్నమ్మా, కోపం వద్దు. ఈయప్ప తొడ ఇయ్యనంటాండాడు. దానికి దొరికిన మాటంతా చెప్తాండాడు."

"అదేందయ్యా? నాలుగేండ్ల నుంచి ఈయమ్మను నోరారా అక్కా అక్కా అంటివి. అక్క బిడ్డకు నువ్వు గాకపోతే ఎవరు మేనమామ?"

"అంగడికి వచ్చినోళ్ళందర్నీ అక్కా అనే అంటా. అట్లయితే చుట్టుపక్కల పదూర్ల పిల్లలకూ నేనే మేనమామ. దినానికి ముగ్గుర్ని తొడమీద కూర్చోబెట్టుకోవల్ల."

"వాళ్ళెవరికీ ఊరికే బెల్లం పెట్టవు కదా! నేను చూడలేదనుకుంటాండావా? సొంత కూతురు పుట్నాలు పిడికిలి నిండా తీసుకుంటే వేళ్ళు విప్పి లెక్కపెడతావు. ఈ బిడ్డ కనపడితే చాలు, బెల్లం గంప మూత దానంతట అదే తెరుచుకుంటాది. బెల్లం పెట్టే చెయ్యి ఉండాది గానీ తొడ లేదా?"

"అది వేరే, ఇది వేరే."

"వదినా, నువ్వు ఇట్ల రా. ఈ పీటమీద కూర్చో. ఈ పొద్దుటి నుంచి నువ్వు నాకు అన్నెక్కవు గాదు, వదినవు. ఆయనకు అక్కవైతే నాకు వదినవే. చూస్తా, ఎట్ల తప్పించుకుంటాడో!"

"వదిన. బాగుండాది. చెప్పు రత్నమ్మా, ఏమేం చెయ్యల్ల? హనుమంతప్ప సగం చెప్పినాడు."

"ఏం లేదు వదినా. మేనమామ కొత్తగుడ్డలు తేవల్ల, టెంకాయ, ఆకువక్క. బిడ్డను తొడమీద పెట్టుకోని మొదటి మూడు కత్తెర్లు ఆయనే ఏయల్ల. తర్వాత మంగలి గొరుగుతాడు. ఎంట్రుకలు దేవునికి. నీళ్ళు పోసి, కొత్తగుడ్డలు తొడిగి, తల సల్లగా ఉండేకి మేనమామ గంధం పూయల్ల. అయిపాయ. అందరూ అన్నం తినేది."

"గుడ్డలు, టెంకాయ, ఆకువక్క, కత్తెర, అన్నం. ఇంతేనా? ఏదైనా తప్పిపోతే హాలండులో మళ్ళా ఒకసారి చేస్తాం. పర్వాలేదు."

"అయ్యయ్యో! మళ్ళా మళ్ళా చేసేది గాదు వదినా అది. పుట్టెంట్రుకలంటే పుట్టినప్పటి ఎంట్రుకలు. జన్మకు ఒకసారే ఇచ్చేది. ఒకసారి ఇచ్చి, మళ్ళా ఇద్దో స్వామీ పుట్టెంట్రుకలు అని ఇంగోసారి పోతే దేవుణ్ణి మోసం చేసినట్లు."

"అదే నేను చెప్పేది."

"నువ్వు యాడ చెప్తివయ్యా? చెనిక్కాయలు అంటివి, మోకాలు అంటివి, నాకు కడుపు అంటివి. ఇది ఎప్పుడు చెప్తివి?"

"చెప్పబోతాంటి. నువ్వు చెప్పినావు."

"ఏం మనిషో! వదినా, బిడ్డకు ఇంతవరకు కత్తెర పడలేదు కదా?"

"మా ఇంట్లో పడలేదు. నా చేతికి వచ్చినాంక ఒక్క ఎంట్రుక కూడా కత్తిరించలేదు. జడ చూడు, నడుము దాకా వచ్చింది. పొద్దున దువ్వేది పీటర్, జడ ఏసేది నేను, ఏడ్చేది అది."

"ఇంటిదేవుడు ఎవరని చెప్పల్ల మంగలికి?"

"అదీ అడిగినాడు. నాకేం తెలుసు? ఆశ్రమం బుక్కులో ఒకటే లైను. ఆడపిల్ల, సుమారు పదకొండు నెలలు, ఆరోగ్యం. దేవుని పేరు రాయలేదు."

"కదిరి నరసింహస్వామి."

"ఏమయ్యా, నీకెట్ల తెలుసు?"

"ఎట్ల తెలుసంటే... ఈ పక్క సగంమందికి ఆయనే గదా. అందాజుగా చెప్పినా."

"అందాజైనా సరే, మంచిదే చెప్పినాడు వదినా. మా ఇంటిదేవుడు కూడా ఆయనే. మేనమామ ఇంటిదేవునికి ఇస్తే తప్పేం లేదు."

"రత్నా, ఈయమ్మను ఇట్ల ఎగదోయాకు. వాళ్ళది వేరే దేశం, వేరే దేవుడు. ఈడ గుండు కొట్టించి ఆడికి తీసుకోని పోతే వాళ్ళోళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారో నేను చెప్తా. మా అత్త జాబు రాసింది. దిగిన ఆదివారమే చర్చికి పోవల్లంట, తలమీద నీళ్ళు పోయించి యోహన్నా అని పేరు పెట్టల్లంట. ఉన్నితో టోపీ కూడా అల్లింది. టోపీమీద యోహన్నా అని పేరు. ఎర్ర దారంతో."

"మంచిదే కదక్కా. ఆడ చలి అంటివి."

"టోపీ మంచిదే. పేరు కూడా మంచిదే, మా అత్త వాళ్ళమ్మ పేరు. నేనేం ఒద్దనలేదు. యశోద యోహన్నా, రెండూ ఉండనీ. కానీ శేషయ్యా, ఇది నువ్వు విను. బెల్లం గంప సర్దేది చాలు, ఇట్ల చూడు."

"వింటాండా, చెప్పు."

"ఆడ ఇస్కూల్లో పిల్లలు అడుగుతారు. మీయమ్మ తెల్లగుండాది, నువ్వు నల్లగుండావు, యాట్నుంచి వచ్చినావు అని. అది ఇంటికొచ్చి నన్నడుగుతాది. ఇప్పుడైతే సంగటిలోకి ఊరుబిండి పెట్టు అంటాది. పదేండ్లకు ఆ మాటలు కూడా మర్చిపోతాది. అప్పుడు నేనేం చూపియ్యల్ల దానికి? బుక్కులో ఒక లైనా? ఆడపిల్ల, ఆరోగ్యం? కోడిపిల్లల సంతలో కూడా ఇంగా ఎక్కువ చెప్తారు."

"అట్లనాకు అక్కా."

"మరి ఎట్లనల్ల? దానికి ఒక ఫోటో కావల్ల. ఇద్దో, ఈయప్ప మీ మేనమామ. ఈ తొడమీద కూర్చున్నావు నువ్వు. నీ ఎంట్రుకలు ఈ దేవుని కాడ ఉండాయి. ఇది నీ ఊరు. అని చెప్తా. అంతే నాకు కావల్సింది. అర్ధగంట తొడ, ఒక ఫోటో."

"ఫోటోనా?"

"పీటర్ తీస్తాడు. రంగులది."

"ఫోటో అంటే... ఎవరెవరు చూస్తారక్కా?"

"హాలండులో అందరూ. నీకూ ఒకటి పంపిస్తా. ఈడ లక్ష్మి పటం పక్కన తగిలించుకో."

"తగిలిస్తాం వదినా! మా ఆడబిడ్డ లలిత వస్తాది కదా హిందూపురం నుంచి, ఆయమ్మకు చూపిస్తాం."

"లలితకెందుకు చూపించేది?"

"ఏం, చూపిస్తే? నీ చెల్లెలే గదా. మేనమామ అయితే ఎట్లుంటావో ఆయమ్మకు తెలీదా? పోయినేడు వాళ్ళ పిల్లోని పుట్టెంట్రుకలకు పట్టుగుడ్డలు సంచిలో పెట్టుకోని కదిరికి పరిగెత్తితివి. అప్పుడు మోకాలు నొయ్యలేదు, అంగట్లో పని లేదు. మొదటిసారి మేనమామ అయితివని ఈ బజారంతా నేను చక్కెర పంచితి."

"ఊ."

"వదినా, నువ్వు చూసుండల్ల ఆ పొద్దు! లలిత మొగుడు కూడా అన్నాడు, 'ఏం బావా, చెయ్యి తిరిగినోని మాదిరి కత్తెర ఏస్తివే' అని. బిడ్డ ఉలకలేదు, పలకలేదు. గంధం ఎంత బాగా పూసినాడనుకున్నావు! చెవుల ఎనకల గూడా."

"రత్నా, లోపల పొయ్యిమీద ఏమో మాడుతాండాది."

"పొయ్యి ఇంగా ముట్టించలేదు. మాట తిప్పాకు."

"రత్నమ్మా, ఇది మొదటి నుంచీ నాకు తెలుసు. ఈయప్పకు నేనంటే బెదురు. మేం ఈ ఊరికి వచ్చిన మొదటి దినం గుర్తుందా? పాపను ఇంటికి తెచ్చుకోని అప్పటికి వారమే. చంకనేసుకోని ఉప్పు కొనేకి ఈడికి వచ్చినా. నన్ను చూసి తక్కెడ జారవిడిచినాడు. ఉప్పంతా నేలపాలు."

"గుర్తు లేకేం! తెల్లోళ్ళను అంత దగ్గర ఎప్పుడు చూసినాడు గనక? ఆ రాత్రి అన్నం తినలేదు వదినా. మారెమ్మ సోకిందేమోనని నేను నిమ్మకాయ తిప్పి పారేస్తి."

"నేనంత భయంగా ఉంటానా శేషయ్యా?"

"అట్లేం లేదక్కా. తక్కెడ తాడు తెగింది ఆ పొద్దు."

"సరేలే. నీకు ఇష్టం లేదు. మనిషిని బలవంతంగా మామను చేసేకి కాదు. సోడాల పుల్లన్నను తీసుకోని పోతా."

"పుల్లన్ననా?"

"ఆయప్ప రెడీ. పొద్దున హనుమంతప్ప కాడ వినినాడు. 'నా తొడ తీసుకో అక్కా, రెండు తొడలూ తీసుకో' అన్నాడు. ఒక బ్రాందీ సీసా ఇస్తే కొత్తగుడ్డలు కూడా ఆయప్పే తెస్తాడంట."

"ఒద్దు."

"ఎందుకు ఒద్దు? మంచోడే. పాటలు కూడా పాడతాడు."

"ఆ తాగుబోతు తొడమీదనా? ఆ పిల్లనా? ఒద్దంటే ఒద్దు! వాడు కత్తెర పట్టేది, వాడు దేవుని ముందర నిలబడి నేను మేనమామ అనేది, అదంతా ఫోటో తీసేది! ఒద్దు!"

"మెల్లగా అయ్యా! బిడ్డ బెదురుకొనె చూడు. బెల్లం కింద పడేసె. ఏం ఆవేశం వచ్చె నీకు? నువ్వు చెయ్యవు, ఇంగొకర్ని చెయ్యనియ్యవు!"

"అరవలేదు నేను... ఏం లేదు నర్సమ్మా, ఏం లేదు. రా. ఇద్దో, ఇంగో ముక్క. నిన్ను గాదు. సోడాలోన్ని తిడితి."

"పుల్లన్న ఒద్దు. నువ్వు రావు. ఇంగ ఎవరు? చెప్పు. బోరుబండి పెద్దన్నను అడగల్లా? కండక్టరును అడగల్లా?"

"ఎవర్నీ అడగొద్దు. శనివారం నేను వస్తా."

"వస్తావా! రత్నమ్మా, వస్తాడంట!"

"తొడ ఇస్తా. కత్తెర పట్టను."

"అదేందయ్యా? కత్తెర పట్టకుండా తొడ ఎందుకు? బెంచీ మీద కూర్చోబెట్టచ్చు కదా!"

"పుట్టెంట్రుకలు ఒద్దక్కా. చెవులు కుట్టిద్దాం. చెవులు కుట్టేకి కూడా మేనమామ తొడే కావల్ల. కంసాలి రామదాసును నేను మాట్లాడతా, ఆయప్ప చెయ్యి మెత్తన. కదిరికే పోదాం. స్వామి కాడే. పీటరన్నను ఎన్ని ఫోటోలు తీస్తాడో తీసుకోమను. నా మొగం బాగా కనపడేటట్ల తీయమను."

"ఎంట్రుకలు ఇయ్యకుండా చెవులు కుడతారా? ఎవరన్నా వింటే నవ్వుతారు. మొదట ఎంట్రుకలు, ఆ తర్వాత చెవులు. నా పెండ్లయి పద్దెనిమిదేండ్లాయె, ఇట్లాంటి శాస్త్రం ఎప్పుడూ వినలేదు."

"ఈ బిడ్డకు చెవులే రత్నా. దానికి చెవులే మిగిలుండాది."

"మిగిలుండాదా?"

"అంటే... ఆదివారం రైలు గదా. దినం మిగల్లేదు అంటాండా. గుండుతో రైలెక్కితే ఎండదెబ్బ తగులుతాది."

"రైలుకు పైకప్పు ఉంటాది శేషయ్యా."

"కిటికీలో నుంచి వస్తాదక్కా ఎండ. అనంతపురం ఎండ నీకు తెలీదు."

"నాలుగేండ్ల నుంచి ఆ ఎండలోనే ఉండా. నా ముక్కు చూడు, ఎట్ల ఊడిపోతాదో."

"వదినా, ఆయన దారికి వచ్చిందే ఎక్కువ. చెవులైనా చెవులే. తొడ అదే, మామ అతనే. పట్టు జారకముందే ఊ అను. మీ అత్త టోపీ ఏసినా, తీసినా చెవులకు కమ్మలు ఉంటాయి. తలమీద పోసిన నీళ్ళు ఆరిపోతాయి గానీ చెవికి పడిన తూటు పోదు."

"ఊ. సరే. ఊ! చెవులు. రెండు చిన్న పోగులు నేను కొంటా."

"నువ్వు కొనేది లేదక్కా. మేనమామే పెట్టల్ల. రత్నా, లోపల మాయమ్మ ట్రంకుపెట్టె ఉండాది చూడు. అడుగున కుంకుమ భరిణె ఉంటాది. దాంట్లో లలిత చిన్నప్పటి పోగులుండాయి. తీసుకోని రా."

"లలితవా! ఏమయ్యా, మన ప్రమీల చెవులు కుట్టించేటప్పుడు అడిగితే ఇయ్యకపోతివి. అవి లలిత కూతురికి అంటివి!"

"లలితకు కూతురు యాడుండాది?"

"రేపు పుట్టదా ఏం? మీ చెల్లెలికి తెలిస్తే నన్ను అంటాది. ఆ పోగులంటే ఆయమ్మకు ఎంత ప్రాణమో నీకు తెలీదు. పెండ్లికి ముందు, ఐదేండ్ల కింద, గోరంట్లలో మీ చిన్నమ్మ కాడ కుట్టు నేర్చుకునేకి పోయె చూడు, ఏడాది పైన ఉండె, ఆ పోగులు గూడా కట్టుకోని పోయె. తిరిగొచ్చినాంక అత్త చేతిలో పెట్టి ఎట్ల ఏడ్చె! పోగులకు ఎవరన్నా ఏడుస్తారా? కుట్టూ రాలేదు ఆయమ్మకు. రవికెకు ఉక్సు గూడా కుట్టలేదు."

"లలిత ఏమీ అనదు. నేను చెప్తాండా కదా. తీసుకోని రా పో."

"నాకెందుకు, మీ అన్నాచెల్లెండ్ల సంగతి! తాళంచెవి యాడ పెట్టినావు?"

"దేవుని పటం ఎనక."

"బంగారం ఒద్దు రత్నమ్మా! చెప్పు ఆయనకు, అంత ఒద్దు!"

"నువ్వు ఊరుకో వదినా. ఈయన చేతిలో నుంచి బంగారం రాలేది ఇదే మొదలు, మళ్ళా రాలదు. పట్టుకో గట్టిగా. వెదికి తెస్తా, కొంచెంసేపు పడతాది. ఆ పెట్టె మూత తీస్తే ఏడు తరాల గుడ్డలు బయటికి వస్తాయి."

"శేషయ్యా."

"ఊ."

"రత్నమ్మ లోపలికి పోయింది. ఇప్పుడు చెప్పు. ఎంట్రుకలు ఎందుకు ఒద్దు?"

"చెప్పినా గదా అక్కా. ఎండ."

"లేయ్ శేషయ్యా."

"లేయ్ అనాకుక్కా."

"ఎండకు ఏమీ కాదు. గుండు దానికి కొత్త గాదు. నా చేతికి వచ్చిన పొద్దే గుండుతో వచ్చింది, తెలుసా నీకు?"

"నర్సమ్మా, చెయ్యి ఇట్ల ఇయ్యి. బెల్లం జిగురు తుడుస్తా."

"అప్పటికి నేను మీ దేశం వచ్చి మూడువారాలు. తెలుగులో నీళ్ళు, పాలు, ఏడవాకు, ఈ మూడే వచ్చు. అనంతపురం ఆశ్రమంలో పొద్దున పొద్దున పోయి బిడ్డలకు నీళ్ళు పోస్తాంటి. కదిరి తేరు దినాలు, బస్సులు మనుషుల్తో ఒరిగిపోయి వస్తాండె. ఒకపొద్దు పోతే వాకిట్లో వైరుబుట్టలో ఇది. కడుపునిండా పాలు తాగి నిద్రపోతాండాది. కండ్లకు కాటిక. కొత్తగౌను, అంగటి చీటీ కూడా పీకలేదు. తల మాత్రం నున్నగా గుండు, దానిమీద పసుప్పచ్చగా ఏందో పూసిండారు."

"పూసిండారా."

"చెవుల ఎనకల గూడా. గజ్జికి మందు అనుకుంటి. నర్సును కదా, అన్నీ నాకే తెలుసు! గట్టి సబ్బు పెట్టి మూడుసార్లు రుద్దినా. పాపం, ఒకటే ఏడ్చె. మందు పోయింది గానీ వాసన పోలేదు. ఎంత మంచి వాసనో! రెండు దినాలు నా చేతులకు కూడా ఉండె. ఇప్పటికీ అనుకుంటాంటా, ఇంత మంచి మందు పూసినోళ్ళు, ఇంత బాగా చూసుకున్నోళ్ళు, ఎందుకు బుట్టలో పెట్టి పోయినారో అని... ఏంది శేషయ్యా? కండ్లు ఎందుకు తుడుచుకుంటాండావు?"

"మిరప్పొడి అక్కా. మూట విప్పితి పొద్దున."

"మిరప్పొడి అయిపోయిందని నిన్ననే చెప్పి నన్ను ఎనక్కి పంపిస్తివి."

"అక్కా."

"చెప్పప్పా."

"అది మందు గాదక్కా. కదిరి గంధం. నేనే పూసినా."